ఆ రెండేళ్ళు

గవర్నమెంటు ఉద్యోగుల ఇళ్ళల్లో పుట్టిన పిల్లలకు కొన్ని మాటలు ఉగ్గుపాలతోనే వచ్చేస్తాయి. డీఏ, ఎరియర్సు, ఇంక్రిమెంటు, ఫిక్సేషను, పీఆర్సీ... మా ఇంట్లో వీటితోపాటు ఇంకొకటి కూడా ఉండేది. ‘పదహారేళ్ళ స్కేలు’. ఎనిమిదేళ్ళ వయసులో నాకు తెలిసిన స్కేలు ఒక్కటే, జామెట్రీ బాక్సులోది. పదహారేళ్ళ స్కేలంటే ఎంత పొడుగుంటుందో, దాన్ని నాన్నగారికి ఇంకా ఎందుకివ్వలేదో అర్థమయ్యేది కాదు. ఇప్పుడు నాకు నలభై దగ్గరపడుతున్నాయి. ఎందుకివ్వలేదో తెలిసింది. ఎంత పొడుగో మాత్రం ఇంకా కొలుస్తూనే ఉన్నాం.

మాది వట్లూరు. ఏలూరుకు ఆనుకుని ఉన్న ఊరు. బయటివాళ్ళకు చెప్పాలంటే ఇంజినీరింగు కాలేజీ పేరు చెబితే చాలు, గుర్తుపడతారు. నాన్నగారు సెకండరీ గ్రేడ్ టీచరు. 1978లో చేరారు. సర్వీసులో సగం కొల్లేరు లంకల్లోనే గడిచింది. ఏలూరు దాకా సైకిలు, అక్కణ్ణుంచి బస్సు, వానాకాలంలో ఆఖరి కాస్త దూరం తాటిదోనె. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండితే వారం రోజులు అక్కడే ఉండిపోయేవారు. ఇంటికొచ్చేటప్పుడు చేపలు తెచ్చేవారు. బడి పిల్లల తల్లిదండ్రులు వద్దన్నా చేతిలో పెట్టేవారట.

టీచరు ఉద్యోగంలో ఒక చిత్రం ఉంది. మీ దగ్గర చదువుకున్న పిల్లలు పై తరగతులకు వెళతారు. మీరు మాత్రం అదే తరగతి గదిలో ఉంటారు. సెకండరీ గ్రేడ్ టీచరుకు పై మెట్టు స్కూల్ అసిస్టెంటు. ఆ పోస్టులు తక్కువ, ఎదురుచూసేవాళ్ళు ఎక్కువ. గుమాస్తాలు, అటెండర్లు, నర్సులు, అందరిదీ ఇదే కథ. చేరిన కుర్చీలోనే తల నెరిసిపోతుంది.

ఈ ఇబ్బంది చూసే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనభైల మొదట్లో ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము పెట్టారు. పోస్టు ఖాళీ లేకపోయినా సరే, ఇన్నేళ్ళు ఒకే హోదాలో పనిచేసినవాళ్ళకు పై స్కేలు ఇస్తారు. కుర్చీ మారదు, జీతం మెట్టు మారుతుంది. తొంభైల నుంచి చాలాకాలం ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగేళ్ళ లెక్క నడిచింది. 2010 వేతన సవరణతో అది ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు అయింది. ఎనిమిదేళ్ళకు ఇచ్చేది స్పెషల్ గ్రేడు. పదహారేళ్ళకు ఇచ్చేది పదోన్నతి పోస్టు స్కేలు. ఇక్కడే ఒక మెలిక ఉంది. పదోన్నతి పోస్టు జీతం కావాలంటే ఆ పోస్టుకు కావలసిన చదువూ ఉండాలి. సెకండరీ గ్రేడ్ టీచరయితే డిగ్రీ, బీఈడీ.

నాన్నగారు పదో తరగతి తర్వాత టీచర్ ట్రైనింగు చేసి ఉద్యోగంలో చేరిన మనిషి. 1994కు పదహారేళ్ళు నిండుతాయని ముందే లెక్కేసుకున్నారు. పుస్తకాలు తెప్పించుకుని దూరవిద్యలో బీఏ కట్టారు. తర్వాత బీఈడీ. దోనెలో కూర్చుని చదివేవారట. దోనె నడిపే ఆయన ‘‘మాస్టారూ, పుస్తకం నీళ్ళలో పడేసుకుంటారండోయ్’’ అని హెచ్చరిస్తూ ఉండేవాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 1993లో బీఈడీ పాసయ్యారు. గడువుకు ఏడాది ముందే అన్నమాట. ఇంట్లో పాయసం చేసుకున్నాం.

కానీ ప్రభుత్వోద్యోగంలో మీరు పాసవడం వేరు, పాసైనట్టు రాయడం వేరు. సర్వీసు రిజిస్టరులో పడితేనే అది జరిగినట్టు. ఆ సమయంలో నాన్నగారి ఎస్సార్ ఏదో పాత ఫిక్సేషను సరిచేయడానికి మరో ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ ఏ బీరువాలో నిద్రపోయిందో గానీ తిరిగి వచ్చేసరికి 1996. అప్పుడు బీఈడీ సంగతి ఎంట్రీ వేశారు. స్కేలు ఇచ్చారు. ఎప్పటి నుంచి? ఎంట్రీ వేసిన తేదీ నుంచి!

‘‘సర్టిఫికెట్టు మీద తేదీ చూడండి బాబూ, 1993 అని అచ్చులో ఉంది’’ అన్నారు నాన్నగారు. ‘‘ఎస్సార్‌లో లేనిది మేమెలా చూస్తామండి మాస్టారూ’’ అన్నారు వాళ్ళు. ఆ ఏడాదే ఒక అర్జీ పెట్టారు. మరుసటేడు ఇంకొకటి. ‘అందినది’ అని ముద్ర వేసిన నకళ్ళన్నీ ఒక ఫైలులో దాచుకున్నారు. జవాబులు మాత్రం దాచుకునేటన్ని రాలేదు.

తేడా ఎంతని అడుగుతారేమో. అప్పటి లెక్కలో నెలకు రెండొందల లోపే. రెండేళ్ళు ఆలస్యమవడంతో ఒక ఇంక్రిమెంటు వెనకబడింది. ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ జీతాల లెక్క కొల్లేటి గుర్రపుడెక్క లాంటిది. ఒక్క మొక్క వదిలేస్తే అదే అల్లుకుపోతుంది. డీఏ మూలవేతనం మీద. ఇంటద్దె మూలవేతనం మీద. కొత్త పీఆర్సీ వస్తే ఫిట్‌మెంటు లెక్కగట్టేది పాత మూలవేతనం మీద. రిటైరైతే ఆఖరి మూలవేతనంలో సగం పెన్షను. గ్రాట్యుటీ, కమ్యుటేషను, సెలవుల డబ్బు, అన్నిటికీ అదే ఆధారం. ఆ మనిషి పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షను కూడా ఆ ఆఖరి మూలవేతనంలో ముప్ఫై శాతమే. అంటే 1996లో ఒక గుమాస్తా వేసిన తేదీ, పాతికేళ్ళ తర్వాత ఒక ముసలమ్మ మందుల ఖర్చు దాకా నడిచి వస్తుందన్నమాట.

నాన్నగారితోపాటు ట్రైనింగైన స్నేహితుడు ఒకాయన తాడేపల్లిగూడెం వైపు పనిచేసేవారు. మేం గూడెం మాస్టారనేవాళ్ళం. ఆయనదీ అచ్చంగా ఇదే సమస్య. ఆయన మాత్రం ఊరుకోలేదు. మరో ఇద్దరిని కలుపుకుని హైదరాబాదు వెళ్ళి ట్రిబ్యునల్లో కేసు వేశారు. నాన్నగారినీ రమ్మన్నారు. ఆ ఏడు మా అక్కకు సంబంధాలు చూస్తున్నారు. రైలు ఖర్చులు, వకీలు ఫీజు ఒక కారణం. రెండో కారణం నాన్నగారి స్వభావం. ‘‘జీతమిచ్చే చేతి మీద కేసేమిటోయ్, రాసుకుంటే వాళ్ళే దిద్దుతారు’’ అనేవారు. ఆ తరంలో అలాంటివాళ్ళు చాలామంది. వాళ్ళ దృష్టిలో కోర్టుకెళ్ళడమంటే ఇంటి గొడవను వీధిలో పెట్టడమే.

2004లో గూడెం మాస్టారు గెలిచారు. అర్హత సంపాదించిన తేదీయే లెక్క, దాన్ని పుస్తకంలో రాసిన తేదీ కాదని ఉత్తర్వు వచ్చింది. ఆయన స్వీట్లు పట్టుకుని మా ఇంటికొచ్చి, ఉత్తర్వు నకలు కూడా ఇచ్చి వెళ్ళారు. ‘‘ఇంక నీది కూడా అయిపోయినట్టేరా’’ అన్నారు. నాన్నగారు దాన్ని జతచేసి మళ్ళీ అర్జీ పెట్టారు. ఈసారి జవాబు వచ్చింది. ఒకటే వాక్యం: సదరు ఉత్తర్వు పిటిషనర్లకు మాత్రమే వర్తించును.

ఆ వాక్యం గురించి నేను చాలా ఆలోచించాను. ఒకే ట్రైనింగు, ఒకే ఉద్యోగం, ఒకే తప్పు. తప్పని తేలింది. అయినా ఎవరు అడిగితే వాళ్ళకే దిద్దుతారట! లెక్కల మాస్టారు బోర్డు మీద తప్పు చేశాడనుకోండి. చెయ్యెత్తిన పిల్లాడి పుస్తకంలో మాత్రమే దిద్ది, మిగతావాళ్ళను అలాగే ఉంచుకోండిరా అంటాడా?

నేను ఉద్యోగిని కాను. ఏలూరులో చిన్న మందుల షాపు నడుపుతాను. నెల మొదటి వారంలో నా బెంచీ మీద పెన్షనర్లదే రాజ్యం. మందులు తీసుకుని వెంటనే వెళ్ళిపోరు. ఒకరి స్కేలు గురించి ఒకరు వాకబు చేసుకుంటారు. ఏళ్ళ తరబడి వాళ్ళ మాటలు వింటూ, అనుమానం వచ్చినప్పుడల్లా తెలిసిన వకీళ్ళను అడుగుతూ, సగం సర్వీసు రూల్సు నేర్చేసుకున్నాను.

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. వాళ్ళది కేంద్రం. అక్కడ 1999 ఆగస్టులో పన్నెండేళ్ళకొకటి, ఇరవై నాలుగేళ్ళకొకటి చొప్పున రెండు మెట్లిచ్చే పథకం పెట్టారు. 2008 సెప్టెంబరు 1 నుంచి దాన్ని మార్చి పది, ఇరవై, ముప్ఫై ఏళ్ళకు మూడు మెట్లు చేశారు. మెట్లు పెరిగాయి కదా, ఇంక గొడవేమిటి అంటారా? మెట్టంటే ఏమిటన్నదే గొడవ. పదోన్నతి పోస్టులో ఇచ్చే జీతమా, లేక జీతాల పట్టికలో కిందినుంచి పైకి లెక్కిస్తే వచ్చే తర్వాతి గడా? రెండిటికీ మధ్య కొన్ని శాఖల్లో బోలెడు తేడా. దేశమంతటా ట్రిబ్యునళ్ళు, హైకోర్టులు తలోరకంగా చెప్పాయి. చివరకు 2020 మార్చి 5న మోహనన్ నాయర్ కేసులో సుప్రీంకోర్టు, పట్టికలోని తర్వాతి గడే ఇస్తారని తేల్చింది. ‘‘నిచ్చెన ఎక్కించారనుకున్నాం, పీట ఎక్కించారు’’ అని నవ్వుతారాయన.

అటెండరుగా రిటైరైన మరో పెద్దాయనది ఇంకో బాధ. ఆయనకు స్కేలు ఆలస్యం కాలేదు. ముందుగా ఇచ్చేశారట! ఎప్పుడో ఇచ్చిన గ్రేడు పొరపాటని రిటైరయ్యాక ఆడిట్లో తేలింది. అరవై వేలు వెనక్కి కట్టమని నోటీసు. మనిషి వారం రోజులు అన్నం తినలేదు. పంజాబ్ నుంచి వచ్చిన రఫీక్ మసీ కేసులో 2014 డిసెంబరు 18న సుప్రీంకోర్టు చెప్పిన మాట అప్పుడు ఆదుకుంది. మూడు, నాలుగో తరగతి ఉద్యోగుల నుంచి, రిటైరైనవాళ్ళ నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ళ నుంచి, అయిదేళ్ళు దాటి ఇస్తూ వచ్చిన అదనపు జీతాన్ని రాబట్టకూడదని ఆ తీర్పు. ఆ తీర్పును చూపించి జవాబు రాశాక నోటీసు ఆగిపోయింది. ఆయన మళ్ళీ షాపుకొచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

అలాగని కోర్టుకెళ్ళిన ప్రతి ఉద్యోగీ గెలుస్తాడనుకోవద్దు. ‘నాకంటే జూనియరుకు ఎక్కువ వస్తోంది, నాకూ అంత ఇవ్వండి’ అన్న కేసులు మన రాష్ట్రంలో ఎన్నో నడిచాయి. 1989లో జి.శ్రీనివాసరావు కేసులో సుప్రీంకోర్టు, సమాన పనికి సమాన వేతనమంటే ఒక క్యాడరులోని అందరికీ ఒకే జీతమని అర్థం కాదంది. సీనియారిటీ, ఎలా చేరారు, ఏం చదివారు, ఇవన్నీ చూడాలంది. కాదనలేం. ప్రభుత్వం ఇచ్చే ప్రతి రూపాయీ జనం కట్టిన పన్నే. ఉద్యోగం లేని ఇంటివాడు ‘వీళ్ళకు ఉన్నది చాలదా’ అనుకోవడంలోనూ అన్యాయం లేదు. వ్యాపారం చేసుకునేవాణ్ణి, నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది. కానీ ఇవ్వకూడదనుకుంటే స్కీము పెట్టకుండా ఉండొచ్చు. పెట్టాక, అర్హుడని ఒప్పుకున్నాక, తేదీ దగ్గర కాళ్ళరిగేలా తిప్పడం పొదుపు కాదు.

మన రాష్ట్రానికి ఈ విషయంలో ఒక చరిత్ర కూడా ఉంది. ఉద్యోగుల తగాదాల కోసం 371-డి అధికరణం కింద 1976లోనే ఇక్కడ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ వచ్చింది. అందులో ఒక విచిత్రమైన నిబంధన ఉండేది. ట్రిబ్యునల్ ఉత్తర్వు నచ్చకపోతే ప్రభుత్వమే దాన్ని మార్చొచ్చు, కొట్టేయొచ్చు. అంటే ఆటలో ఓడిన జట్టుకే అంపైరు మాట రద్దు చేసే హక్కన్నమాట! పి.సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో ఆ నిబంధనను కొట్టేసింది. తర్వాత 1997 మార్చి 18న ఎల్.చంద్రకుమార్ కేసులో, ట్రిబ్యునల్ తీర్పుల మీద హైకోర్టుకు వెళ్ళే దారి కూడా తెరిచింది. 2020లో మన ట్రిబ్యునలే రద్దయింది. ఇప్పుడు ఇలాంటి కేసులు నేరుగా అమరావతి హైకోర్టుకే వెళ్ళాలి.

నాన్నగారు 2012లో రిటైరయ్యారు. 2021లో పోయారు. ఆఖరి రోజుల దాకా ఆ ఫైలు మంచం కింది ట్రంకుపెట్టెలోనే ఉంది. పెద్దగా దాని ఊసు ఎత్తేవారు కాదు. కానీ గూడెం మాస్టారి పెన్షను ఎంతో, తనది ఎంతో ఆయనకు రూపాయితో సహా గుర్తుండేది.

అమ్మకు ఫ్యామిలీ పెన్షను మొదలయ్యాక ఫైలు నేను బయటికి తీశాను. ఏలూరులో తెలిసిన వకీలుకు చూపించాను. ఆయన రెండు సంగతులు చెప్పారు. ఒకటి భయపెట్టేది. 2014 అక్టోబరు 17న అరవింద్ కుమార్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, ఒకరికి కోర్టు ఇచ్చిన మేలును అదే పరిస్థితిలో ఉన్న మిగతా ఉద్యోగులకూ మామూలుగా ఇవ్వాల్సిందేనంది. వాళ్ళు విడిగా కోర్టుకు రాలేదన్న ఒక్క కారణంతో తేడా చూపకూడదంది. ఇక్కడి దాకా బాగానే ఉంది. వెంటనే ఒక మినహాయింపు పెట్టింది. ఏళ్ళ తరబడి సర్దుకుపోయి, ఎవరో గెలిచారని తెలిశాక నిద్రలేచి వచ్చేవాళ్ళకు ఈ మేలు దక్కదు. వాళ్ళు ఎటూ తేల్చుకోకుండా కూర్చున్నవాళ్ళు. మన సామెతలో గోడమీద పిల్లులు.

ఆ మాట వినగానే నాకు రోషం వచ్చింది. ‘‘మా నాన్న గోడమీద పిల్లేంటండీ!’’ అన్నాను. వకీలుగారు నవ్వి ఫైలు తిరగేశారు. ‘‘అందుకే ఈ ముద్రలు పనికొస్తాయి బాబూ. 1996 నుంచీ అడుగుతూనే ఉన్నారుగా. అడిగి అడిగి అలసిపోవడం వేరు, అసలు అడక్కపోవడం వేరు. వాదించడానికి మనకు చోటుంది’’ అన్నారు.

రెండో సంగతి కాస్త ధైర్యమిచ్చేది. 1995లో ఎం.ఆర్.గుప్తా అనే రైల్వే ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. జీతం తప్పుగా నిర్ణయిస్తే ఆ తప్పు ఒక్కరోజుతో అయిపోదు. రూలు ప్రకారం కాని జీతం ఇచ్చిన ప్రతి నెలా అది కొత్తగా జరిగినట్టే. అందుకని ఆలస్యమైనా మూలవేతనం సరిచేయమని అడగొచ్చు. అయితే పాత బకాయిలన్నీ రావు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పినట్టు, మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్ళవే ఇస్తారు. అంటే గెలిచినా అమ్మకు నెలకు పెరిగేది నాలుగైదు వందలు. బకాయిగా వచ్చేది పాతిక వేలు దాటదు. ఖర్చులు పోను మిగిలేదేమిటో మందుల షాపువాడిగా నేను నోటి లెక్కలో చెప్పేయగలను.

అదే అమ్మకు చెప్పాను. ‘‘ఎందుకమ్మా ఈ వయసులో, ఆ డబ్బేదో నేనిస్తాను’’ అన్నాను. అమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. రూల్సు, తీర్పులు ఆమెకు పట్టవు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: ‘‘డబ్బు సంగతి కాదురా. ఆయన దోనెలో కూర్చుని చదివేరు. తొంభై మూడులో పాసయ్యేరు. తొంభై ఆరు దాకా పాసవ్వనట్టు రాసేరు కదా వాళ్ళు. ఆ రెండేళ్ళూ ఆయన చదువురాని మనిషని పుస్తకంలో ఉండిపోయింది. అది మార్పించు.’’

ఇంతకాలం నేను స్కేలంటే రూపాయలతో కొలిచాను. బెంచీ మీది పెన్షనర్లు కూడా పైకి రూపాయల్లోనే మాట్లాడతారు. కానీ ఆ అటెండరు పెద్దాయన అన్నం మానేసింది అరవై వేలకు కాదు. రిటైరయ్యాక తనను దొంగలా చూశారని. పోస్టాఫీసు ఆయన నవ్వులో ఉన్న చేదు కూడా అదే. ముప్ఫై ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషికి, నువ్వు ఎదిగావని సర్కారు చెప్పే ఒకే ఒక్క మాట ఆ గ్రేడు. దాన్ని ఆలస్యంగా చెప్పినా, తప్పుగా చెప్పినా, చెప్పి వెనక్కి తీసుకున్నా తగిలేది జేబుకు మాత్రమే కాదు.

ఈ వ్యవహారంలో నేను తెలుసుకున్నది ఉద్యోగంలో ఉన్న పిల్లలకు చెబుతుంటాను. ఏటా ఒకసారైనా మీ సర్వీసు రిజిస్టరు అడిగి చూసుకోండి. పరీక్ష పాసైతే సర్టిఫికెట్టు ఇచ్చి ఎంట్రీ పడిందో లేదో కళ్ళారా చూడండి. ఇప్పుడు ఈ-ఎస్సార్‌లు వచ్చాయి, అయినా టైపు చేసేది మనిషే. అర్జీ ఇస్తే నకలు మీద ముద్ర వేయించుకోండి. తోటివాడు కోర్టుకెళుతుంటే సంతకం పెట్టాలో వద్దో మీ ఇష్టం. అడిగినట్టు కాగితం మాత్రం ఉంచుకోండి. ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకూ ఒక మనవి. ఒకరి ఫైలులో తప్పు దిద్దినప్పుడు, అదే తప్పున్న పక్క ఫైలు కూడా ఓసారి తెరవండి. దానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు.

కేసు వేశాం. నంబరు పడింది. ఎప్పుడు తేలుతుందో వకీలుగారు చెప్పలేదు, అమ్మా అడగలేదు. జతపరచాల్సిన కాగితాలు సర్దుతున్నప్పుడు మాత్రం ఒక్క మాటంది. పెన్షను పుస్తకం, అర్జీల నకళ్ళు అన్నీ వెనక పెట్టమంది. మొదటి కాగితంగా నాన్నగారి బీఈడీ సర్టిఫికెట్టు ఉండాలంది.